విమానవాహక నౌక మీది బూడిదరంగు జీరో: నమూనా కట్టి రంగు వేసే పద్ధతి

రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ నౌకాదళపు జీరో యుద్ధవిమానం నమూనాను కట్టాలనుకునేవారు పెట్టె తెరవడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మీరు కట్టబోయే విమానం ఏ కర్మాగారంలో తయారైంది, ఏ దళానికి చెందింది, ఏ నెలలో ఎగిరింది? ఇది తేలితే కాక్‌పిట్ రంగు, చక్రాల గూళ్ళ రంగు, ప్రొపెల్లర్ రంగు, ఎర్రని సూర్యబింబం చుట్టూ తెల్ల అంచు ఉండాలా వద్దా, రేడియో స్తంభాన్ని నిలపాలా కోసివేయాలా అన్న ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా తేలిపోతాయి. తేల్చుకోకుండా మొదలుపెడితే, చేతిపని ఎంత శుభ్రంగా ఉన్నా, 1941 నాటి విమానానికి 1943 నాటి గుర్తులు అంటించే ప్రమాదం ఉంటుంది.

మొదటిసారి కట్టేవారికి ఏ6ఎం2బి, అంటే మోడల్ 21, అనువైనది. పైనా కిందా ఒకే రంగు కాబట్టి రంగులు కలిసే అంచు గురించిన బాధ ఉండదు. దీని రెక్కల వెడల్పు కొస నుంచి కొసకు 12 మీటర్లు. 1/48 పరిమాణంలో అది 25 సెంటీమీటర్లు, 1/72లో 17 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. నౌకలోని లిఫ్టులో పట్టడానికి వీలుగా రెండు రెక్కల కొసలనూ సుమారు అర మీటరు మేర పైకి మడిచే ఏర్పాటు ఈ మోడల్‌కు ఉంది. తర్వాత వచ్చిన మోడల్ 32కు రెక్క కొసలు నరికినట్టు చదరంగా ఉంటాయి. మోడల్ 52కు కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే రేకు తొడుగు) వెనుక విడివిడి పొగగొట్టాలు కనిపిస్తాయి. మోడల్ 21కు ఇంజన్‌లోకి గాలి తీసుకునే నోరు కౌలింగ్ కింది పెదవి మీద ఉంటే, మోడల్ 22, 32లకు అది పై పెదవికి మారింది. కొన్ని కంపెనీలు ఒకే ఫ్రేములో (భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రంలో) రెండు మూడు మోడళ్ళ భాగాలు కలిపి ఇస్తాయి కనుక, ఈ తేడాలు తెలిసి ఉంటే పనికిరాని భాగాన్ని అంటించే పొరపాటు జరగదు.

ఈ వ్యాసానికి ఉదాహరణగా నేను ఎంచుకున్నది ర్యూజో అనే విమానవాహక నౌకకు చెందిన, తోక మీద డిఐ-108 గుర్తు గల జీరో. మిత్సుబిషి దీన్ని 1942 ఫిబ్రవరిలో తయారు చేసింది. తయారీ సంఖ్య 4593. అదే ఏడాది జూన్ 4న అలాస్కాలోని డచ్ హార్బర్ మీద దాడి చేసి తిరిగివెళ్తుండగా నూనె గొట్టం దెబ్బతినడంతో, పైలట్ తదయోషి కోగా అకుటాన్ ద్వీపంలో పచ్చికబయలు అనుకున్న చోట చక్రాలు దించి దిగబోయాడు. అది బురదనేల. విమానం తలకిందులైంది, కోగా మరణించాడు. జూలైలో అమెరికన్లు దాన్ని కనుగొని, శాన్ డియాగోకు తరలించి, బాగుచేసి, సెప్టెంబరులో ఎగరేశారు. మనవారికి ర్యూజో పేరు మరో కారణంగా తెలిసి ఉండాలి: 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ఆ నౌక నుంచి వచ్చినవే. అయితే ఆ రోజు వచ్చినవి బాంబర్లే గాని జీరోలు కావు. కాబట్టి మీ జీరోను విశాఖ మీదికి వచ్చిన విమానంగా ప్రదర్శించకండి.

ఈ విమానాన్ని ఎంచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. అది తలకిందులుగా పడింది కనుక, మామూలుగా ఏ ఫొటోలోనూ సరిగ్గా కనిపించని అడుగుభాగం అకుటాన్ ఫొటోలలో స్పష్టంగా కనిపిస్తుంది. శాన్ డియాగో ఫొటోలను మాత్రం రంగుకు ఆధారంగా తీసుకోకూడదు. అప్పటికి దానికి అమెరికన్ రంగులు, నక్షత్రాలు వేసేశారు.

కిట్టు, పనిముట్లు

1/72లో టమియా కిట్టు, 1/48లో హసెగావా, ఎడువార్డ్ కిట్లు మోడల్ 21కు అందుబాటులో ఉన్నాయి. చేతిలో సులువుగా పట్టుకోవడానికీ, కాక్‌పిట్‌లో వేసిన రంగు కంటికి ఆనడానికీ 1/48 మేలని నా అభిప్రాయం. ఇంట్లో చోటు తక్కువైతే 1/72 తీసుకోండి, పద్ధతి మారదు.

భాగాలను ఫ్రేము నుంచి వేరుచేయడానికి నిప్పర్, పదునైన హాబీ కత్తి, 400 నుంచి 2000 వరకు నంబర్లున్న వాటర్ పేపర్, ట్వీజర్లు, మాస్కింగ్ టేపు, సూదిమొన వంటి డ్రిల్ బిట్లు, ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పలుచటి సిమెంటు, కొంచెం సూపర్‌గ్లూ, కానొపీ (కాక్‌పిట్ మీది పారదర్శకమైన కప్పు) కోసం ఫెవికాల్ వంటి తెల్ల జిగురు ఉంటే చాలు. లప్పంగా మోడలింగ్ పుట్టీ చిన్న ట్యూబు ఒకటి తెచ్చుకోండి. రంగుకు 0.3 మిల్లీమీటర్ల నాజిల్ గల ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే పరికరం), కంప్రెసర్ ఉంటే మంచిది. అవి లేనివారికి టమియా ఏఎస్-29 స్ప్రే డబ్బా దాదాపు ఇదే రంగును ఇస్తుంది. కాకపోతే ఏరోసోల్ డబ్బాలను విమాన పార్సిళ్ళలో పంపడానికి ఆంక్షలు ఉంటాయి కనుక, విదేశీ దుకాణాల నుంచి తెప్పించుకునే ఆలోచన పెట్టుకోకుండా మన దేశంలోని హాబీ దుకాణాల్లోనే వెతకడం మంచిది.

పని మొదలుపెట్టే ముందు ఫ్రేములన్నిటినీ గోరువెచ్చని సబ్బునీళ్ళలో మెత్తని బ్రష్షుతో కడిగి, నీడలో ఆరబెట్టండి. అచ్చు నుంచి భాగాలు సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు కొంత వాటి మీద మిగిలిపోతుంది. అది పోకపోతే ఎంత మంచి రంగైనా టేపుతో పాటు ఊడివస్తుంది.

కాక్‌పిట్, ఇంజన్

మిత్సుబిషి జీరో కాక్‌పిట్ లోపలి రంగు కొంచెం పసుపు కలిసిన మందమైన ఆకుపచ్చ. టమియా ఎక్స్ఎఫ్-71 దీనికి తగినంత దగ్గరగా ఉంటుంది. జీరోలను తయారు చేసిన మరో కంపెనీ నకజిమా విమానమైతే ఈ పచ్చ కొంచెం గోధుమవైపు మొగ్గుతుంది. నేల, పక్కగోడలు, సీటు, వెనుక గోడ, అన్నీ ఫ్రేము మీద ఉండగానే ఈ రంగు కొట్టి, ఆరిన తర్వాత విడదీసి, కత్తి తగిలిన చోట్ల సన్నని కుంచెతో సరిచేయండి. పరికరాల పలకకు నలుపు. డయళ్ళకు డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అంటించే బొమ్మ) ఇస్తే అది వేసి, దాని మీద నున్నని వార్నిష్ చుక్కలు పెడితే గాజులా మెరుస్తాయి. పలకకు పైన రెండు వైపులా 7.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్ల వెనుక భాగాలు కాక్‌పిట్‌లోకి పొడుచుకొని ఉంటాయి. ఇవి జీరో కాక్‌పిట్‌కు ప్రత్యేకమైన రూపాన్నిస్తాయి కనుక వాటిని నలుపు పులిమి వదలకుండా, అంచుల మీద పెన్సిల్ మొన రుద్దండి. గ్రాఫైటు ఇనుము మెరుపును తెస్తుంది.

పచ్చ రంగు ఆరిన తర్వాత ముదురు గోధుమ ఆయిల్ రంగును బాగా పలుచగా చేసి మూలల్లోకి పారించండి. ఎత్తుగా ఉన్న అంచుల మీద అదే పచ్చలో కొంచెం తెలుపు కలిపి, కుంచెను దాదాపు ఎండగొట్టి మెల్లగా తాకించండి. సీటుబెల్టులు కిట్టులో లేకపోతే సన్నగా కోసిన మాస్కింగ్ టేపుతో చేసుకోవచ్చు. ఇంతకుమించి కాక్‌పిట్‌కు సమయం కేటాయించనవసరం లేదు. కానొపీని తెరిచి ఉంచినా సీటు, పలక, నియంత్రణ దండం తప్ప మిగిలినవి చూపుకు అందవు.

ఇంజన్ నకజిమా సకాయె 12. రెండు వరుసల్లో ఏడేసి చొప్పున 14 సిలిండర్లు. సిలిండర్లకు కొంచెం మెరిసే నలుపు, ముందున్న గేరు పెట్టెకు నీలి ఛాయ గల బూడిదరంగు వేసి, సిలిండర్ రెక్కల మీద అల్యూమినియం రంగును ఎండుకుంచెతో తాకించండి. కౌలింగ్ ముందునోరు ఇరుకు కాబట్టి వెనుక వరుసకు అంత శ్రద్ధ అక్కరలేదు.

కట్టడం

ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం) రెండు సగాలను అతికించే ముందు కాక్‌పిట్‌ను లోపల పెట్టి, జిగురు లేకుండా టేపుతో బిగించి చూడండి. సగాలు ఎక్కడైనా విచ్చుకుంటే లోపలి గోడల అంచులను గీకి పలుచన చేయాలే గాని, వేళ్ళతో నొక్కిపట్టి అంటించకూడదు. అలా అంటించిన అతుకు తర్వాత ఎప్పుడో విడిపోతుంది. సరిగ్గా కూర్చున్న తర్వాత పలుచటి సిమెంటును కుంచె మొనతో అతుకుకు తాకిస్తే, అదే సందులోకి పీల్చుకుంటుంది. సగాలను మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని గీతలా పైకి ఉబ్బుతుంది. దాన్ని మరునాటి వరకు కదిలించవద్దు. ఆ తర్వాత వాటర్ పేపర్‌తో చదును చేస్తే లప్పం అవసరమే రాదు.

రెక్కలకు, ఫ్యూజ్‌లాజ్‌కు మధ్య అతుకు జీరోలో కొంచెం సున్నితమైనది. నిజవిమానంలో అక్కడ గుండ్రంగా తీర్చిన రేకు ఉంటుంది. పైన లప్పం పెట్టి రుద్దితే ఆ గుండ్రదనం చెడిపోతుంది. కాబట్టి సందు కనిపిస్తే, ఫ్యూజ్‌లాజ్ లోపల ఫ్రేము ముక్కను కొలిచి కోసి అడ్డంగా నిలిపి, పక్కగోడలను కొద్దిగా బయటికి నెట్టండి. రెక్కలు అంటించాక ముందునుంచి కంటి ఎత్తులో పెట్టి చూసి, రెండు కొసలూ బల్ల నుంచి సమాన ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలుతో కొలవండి. సిమెంటు గట్టిపడక ముందు మాత్రమే ఈ తేడాను సరిచేయగలం.

మోడల్ 21 రెక్కల్లోని 20 మిల్లీమీటర్ల ఫిరంగుల గొట్టాలు రెక్క ముందంచు నుంచి బయటికి పొడుచుకురావు. అక్కడ రంధ్రం మాత్రమే కనిపిస్తుంది. కిట్టులో ఆ చోట చిన్న గుంట ఇస్తే డ్రిల్ బిట్‌తో లోతు చేయండి. పొడవాటి గొట్టాలు ఇస్తే అవి వేరే మోడల్‌వి, పక్కన పెట్టండి. రెక్క కొసలను మడిచి చూపాలా చాపి ఉంచాలా అన్నది ఇప్పుడే నిర్ణయించుకోవాలి. చాపి ఉంచేవారు ఆ అతుకును పూర్తిగా పూడ్చకుండా, అసలు విమానంలో ఉండే సన్నని గీతను అలాగే వదలాలి.

అతుకులు రుద్దినప్పుడు చెరిగిన పలకల గీతలను మళ్ళీ గీయండి. వాటిని లోతుగా మాత్రం గీయవద్దు. జీరో తయారీలో రివెట్ల తలలు రేకుతో సమంగా ఉండేలా కొట్టారు. గాలి ఒరిపిడి తగ్గించడానికి అప్పట్లో పడిన శ్రమ అది. లోతైన గీతలు, గుంటలు పడ్డ రివెట్లు ఆ నునుపును చెడగొడతాయి.

కానొపీకి టేపు

జీరో కానొపీకి చట్రాలు చాలా. టేపు వేయడం ఓపిక కోరే పని. ముందే కోసిన మాస్కులు కిట్టుతో వచ్చినా, విడిగా దొరికినా కొనడం ఖర్చుకు తగిన పనే. లేనివారు టేపును గాజుపలక మీద అంటించి ఒక మిల్లీమీటరు వెడల్పు పట్టీలుగా కోసుకొని, ముందు ప్రతి అద్దం అంచుల వెంట పట్టీలను పరిచి, మధ్యన మిగిలిన చోటును పెద్ద ముక్కతో గాని మాస్కింగ్ ద్రవంతో గాని కప్పాలి. పట్టీల అంచులను అగ్గిపుల్లతో గట్టిగా రుద్దకపోతే రంగు కిందికి పాకుతుంది. కానొపీని ఫెవికాల్‌తో అంటించండి. సూపర్‌గ్లూ ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్‌ను తెల్లగా మసకబరుస్తుంది. టేపు మీద ముందు కాక్‌పిట్ పచ్చ పలుచగా కొట్టి, ఆ తర్వాత బయటి రంగు కొడితే లోపలినుంచి చూసినా చట్రాలు సరైన రంగులో కనిపిస్తాయి.

అసలు రంగు ఏది?

ప్రతి జీరో నమూనా ముందు నిలబడి వాదించుకునే విషయం ఇదే. పాత కిట్ల సూచనల పత్రాలు తెలుపుకు దగ్గరైన లేత బూడిదరంగు వేయమన్నాయి. 1942 నాటి జపాన్ నౌకాదళ నివేదిక ఒకటి జీరో రంగును బూడిదరంగే అయినా కొద్దిగా బెల్లంపాకం ఛాయవైపు ఒరిగినదిగా వర్ణించింది. దొరికిన శకలాల మీద, ఎండ తగలని చోట్ల మిగిలిన రంగులో ఆలివ్ పచ్చ ఛాయ స్పష్టంగా ఉంది. ఎండకు, ఉప్పుగాలికి ఆ రంగు పైపొర సుద్దలా మారి బూడిదగా కనిపిస్తుంది. పాత పత్రాలు నమ్మిన లేత బూడిదరంగు చాలావరకు ఇలా వెలిసిన రంగే అయి ఉండవచ్చు. కొందరు దీన్ని తేనెరంగుదాకా తీసుకువెళ్ళి గోధుమరంగు జీరోలు చేస్తున్నారు. అది అతి.

మిత్సుబిషి విమానానికి టమియా ఎక్స్ఎఫ్-76 ఆధారంగా తీసుకోవడం ఉత్తమం. నౌక మీద కొద్ది నెలలే పనిచేసిన డిఐ-108కు దాన్ని దాదాపు ఉన్నదున్నట్టు వాడవచ్చు. చిన్న నమూనా మీద రంగు కొంచెం ముదురుగా అనిపిస్తుంది కాబట్టి 10 పాళ్ళకు ఒక పాలు తెలుపు కలపడం నా అలవాటు. నకజిమా విమానాలకు ఈ రంగు కొంచెం ఎక్కువ బూడిదవైపు ఉండాలి. రెక్కల, తోకల వెనుక అంచున కదిలే భాగాలైన ఐలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్ మీద రేకు ఉండదు, గుడ్డ ఉంటుంది. గుడ్డకు వేసిన రంగు రేకు రంగుతో పూర్తిగా కలవదు, కొంచెం లేతగా, చల్లని బూడిదగా కనిపిస్తుంది. ఎక్స్ఎఫ్-76లో ఎక్స్ఎఫ్-12 కొంచెం కలిపి ఆ భాగాలకు విడిగా కొడితే, వేరే హంగులేమీ లేకుండానే ఒకే రంగు విమానానికి జీవం వస్తుంది.

చక్రాల గూళ్ళ గురించి ఒక మాట. నీలిపచ్చగా మెరిసే ఔటాకె అనే రక్షణ వార్నిష్‌ను జపాన్ విమానాల లోపలి భాగాలకు వాడిన మాట నిజమే. అందుకని చాలా పత్రాలు జీరో చక్రాల గూళ్ళకూ అదే వేయమంటాయి. మిత్సుబిషి మోడల్ 21లో గూళ్ళకూ, చక్రాల తలుపుల లోపలి వైపుకూ బయటి రంగునే వేసేవారు. ఔటాకెను వదిలేయండి, పని కూడా తగ్గుతుంది.

రంగు కొట్టే వరుస

మొదట లాకర్ ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే అడుగు పూత) పలుచగా కొట్టండి. మిస్టర్ సర్ఫేసర్ 1200 గాని 1500 గాని సరిపోతుంది. కిటికీలు తెరిచి, ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు ధరించి, వంటింటి మంటకు దూరంగా ఈ పని చేయాలి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, గాలిలోని తేమ లాకర్ ఆరేటప్పుడు పైన చేరి తెల్లని పొగమంచులా పేరుకుంటుంది. అలాంటి రోజు లాకర్ జోలికి వెళ్ళకపోవడమే మేలు. ప్రైమర్ అతుకుల్లోని లోపాలన్నిటినీ బయటపెడుతుంది. ఇక్కడ రెండు మూడు సార్లు రుద్ది, మళ్ళీ కొట్టవలసి వస్తే విసుక్కోకండి.

టమియా యాక్రిలిక్ రంగుకు సమానంగా గాని, ఒకటిన్నర రెట్లు గాని థిన్నర్ కలపండి. కప్పు గోడ మీద పలుచటి మజ్జిగలా జారాలి. 15 పీఎస్ఐ ఒత్తిడితో, 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకే చోట ఆగకుండా పొరపొరలుగా కొట్టండి. మొదటి పొరకు అడుగు కనిపిస్తుంటే కంగారుపడవద్దు. మూడో పొరకు నిండుతుంది. మొదటే నిండుగా కొట్టాలనుకుంటే రంగు కారి పలకల గీతలు పూడిపోతాయి. పలకల మధ్యభాగంలో తెలుపు కొంచెం ఎక్కువ కలిపిన అదే రంగును అక్కడక్కడ మబ్బులా చల్లితే వెలిసిన తీరు వస్తుంది. ఈ తేడా ఉందని తెలిసి చూస్తేనే కనబడాలి.

సూర్యబింబాలకు డెకాల్ వాడటం కంటే రంగు కొట్టడం మంచిదని నా సలహా. టేపును గాజు మీద అంటించి, వృత్తాలు కోసే కంపాస్‌తో డెకాల్ కొలతకు సరిపోయే గుండ్రాన్ని కోసి, బయటి భాగాన్ని విమానం మీద పరిచి, చుట్టూ కాగితం కప్పండి. మరీ కొట్టొచ్చినట్టుండే ఎరుపు పనికిరాదు. ఎక్స్ఎఫ్-7 ఎరుపులో గోధుమరంగు ఒకటి రెండు చుక్కలు కలిపితే సరైన గాంభీర్యం వస్తుంది. రెక్క మీది బింబంలోని గీతలు, ఐలెరాన్ సందు కూడా అలాగే స్పష్టంగా నిలుస్తాయి. డెకాల్ వేస్తే ఇది సాధించడం కష్టం. మిత్సుబిషి మోడల్ 21లో బూడిదరంగు మీది బింబాలకు తెల్ల అంచు లేదు. నకజిమా తయారీలో ఫ్యూజ్‌లాజ్ బింబానికి ఉంది. రెక్కల ముందంచున పసుపు పట్టీలు 1942 రెండో సగంలో గాని రాలేదు కాబట్టి, జూన్ నాటి మన విమానానికి అవి ఉండకూడదు.

కౌలింగ్‌ది నీలి ఛాయ గల నలుపు. ఎక్స్ఎఫ్-1 నలుపు 9 పాళ్ళు, ఎక్స్ఎఫ్-8 నీలం ఒక పాలు కలిపి కొట్టండి. లేదా మిస్టర్ కలర్ 125 నేరుగా వాడండి. కౌలింగ్‌కు కొంచెం మెరుపు ఎక్కువగా ఉంచితే బూడిదరంగు పక్కన అందంగా ఉంటుంది. ప్రొపెల్లర్ రెక్కల ముందువైపు, దాని మధ్యనుండే ముక్కు (స్పిన్నర్) మెరిసే లోహం రంగులో ఉండాలి. రెక్కల కొసల దగ్గర రెండు ఎర్ర పట్టీలు ఉంటాయి. వెనుకవైపు మాత్రం పైలట్ కళ్ళకు మెరుపు కొట్టకుండా ముదురు ఎర్రగోధుమ వేశారు. మొత్తం ప్రొపెల్లర్‌ను ఎర్రగోధుమ చేసి పసుపు పట్టీ వేసే పద్ధతి యుద్ధంలో తర్వాతిది.

డెకాల్స్, చివరి పొరలు

రంగు పూర్తిగా ఆరిన తర్వాత మెరిసే వార్నిష్ ఒక పొర కొట్టండి. గరుకైన రంగు మీద డెకాల్ వేస్తే కింద చిక్కుకున్న గాలి వెండిలా తెల్లగా కనిపిస్తుంది. డెకాల్‌ను గోరువెచ్చని నీళ్ళలో కొన్ని క్షణాలు ముంచి తీసి, కాగితం మీదే నానిన తర్వాత, ముందే తడిపిన చోటుకు కుంచెతో జార్చండి. మెత్తబరిచే ద్రవం రాసినప్పుడు అది ముడతలు పడుతుంది. అప్పుడు వేలు పెట్టవద్దు. ఆరేకొద్దీ అదే చదునై గీతల్లోకి దిగుతుంది. తోక గుర్తు, రెక్కల మీద కాలు పెట్టరాదని సూచించే ఎర్ర గీతలు, చక్రాల తలుపుల మీద చిన్న ఎరుపు, పసుపు, నీలి పట్టీలు మరిచిపోకండి. డిఐ-108 గుర్తు మీ కిట్టులో లేకపోతే విడి డెకాల్ షీట్లలో వెతకండి. అది కుదరకపోతే పెర్ల్ హార్బర్ దాడినాటి విమానాన్ని ఎంచుకోవచ్చు: అకాగి విమానాలకు ఏఐ అక్షరాలు, ఒక ఎర్ర పట్టీ, కాగాకు ఏఐఐ, రెండు ఎర్ర పట్టీలు, సోర్యూకు బీఐ, ఒక నీలి పట్టీ, హిర్యూకు బీఐఐ, రెండు నీలి పట్టీలు. ఆ గుర్తులు దాదాపు ప్రతి కిట్టులోనూ ఉంటాయి.

పలకల గీతల్లోకి పారించే వాష్ నల్లగా ఉండకూడదు. బూడిద కలిసిన గోధుమ ఆయిల్ రంగును చాలా పలుచగా చేసి గీతల్లోకి వదిలి, మిగిలినది గాలివాటం దిశలో గుడ్డతో తుడవండి. పొగగొట్టాల నుంచి రెక్క వేరు కింద వెనక్కి సాగే మసిని, బాగా పలుచని గోధుమ-నలుపుతో ఎయిర్‌బ్రష్‌ను దగ్గరగా పట్టి గీయండి. ఇంతటితో ఆపాలి. జీరో అనగానే అల్యూమినియం చెక్కలు చెక్కలుగా ఊడినట్టు చూపడం ఒక అలవాటైపోయింది. దక్షిణ పసిఫిక్ ద్వీపాల్లో, 1943 నుంచి, బూడిదరంగు మీద హడావుడిగా పచ్చ పూసిన విమానాలకు అది నిజమే. 1942 వేసవి వరకు నౌకల మీద ఉన్న విమానాల రంగు గట్టిది, నిర్వహణ కట్టుదిట్టమైనది. పైలట్ కాలు పెట్టే చోటా, కౌలింగ్ బిగింపుల దగ్గరా రెండు మూడు చుక్కల వెండి రంగు చాలు.

చివరి వార్నిష్ పూర్తిగా మెరుపులేనిది వద్దు. అసలు రంగుకు కొంత నిగనిగ ఉండేది కాబట్టి అరమెరుపు వార్నిష్ సరైనది. చక్రాల కాళ్ళకు నలుపు వేసి, ముందునుంచి చూసి రెండూ ఒకే వాలులో ఉన్నాయని సరిచూసుకొని అంటించండి. 330 లీటర్ల అదనపు ఇంధన ట్యాంకు పెట్టదలచుకుంటే దాని నడుమ అతుకును బాగా రుద్దాలి. అది కింద వేలాడుతున్నా కన్ను ముందు అక్కడికే పోతుంది. ఎడమ రెక్కకున్న, వేగాన్ని కొలిచే పిటాట్ గొట్టాన్ని, తోక కొక్కేన్ని ఈ దశదాకా అంటించకుండా ఉంచితే విరగవు.

కానొపీ టేపును వార్నిష్ ఆరిన రోజే తీయండి, వారాలు ఉంచితే జిగురు అద్దాలకు పట్టుకుంటుంది. తర్వాత రేడియో స్తంభం. దక్షిణ పసిఫిక్‌లోని లే, రబౌల్ స్థావరాల్లోని పైలట్లు పనిచేయని రేడియోలను తీసేసి, బరువు తగ్గించడానికి స్తంభాలను కోసేసుకున్నారు. నౌక విమానమైన డిఐ-108కు మాత్రం దాన్ని నిలపాలి. ఫ్రేము ముక్కను కొవ్వొత్తి మంటకు పైన తిప్పుతూ మెత్తబరిచి, మంట నుంచి పక్కకు తీసి లాగితే వెంట్రుక మందం తీగ వస్తుంది. దాన్ని స్తంభం కొస నుంచి నిలువుతోక పైకొసకు సూపర్‌గ్లూ చుక్కతో అంటించి, ఆరిన తర్వాత మంట ఆర్పి నిప్పు మాత్రం మిగిలిన అగరబత్తి వేడిని దూరం నుంచి చూపితే బిగుసుకుంటుంది. నమూనాను గాజుపెట్టెలో, నేరుగా ఎండ తగలని చోట పెట్టండి. దుమ్ము పట్టితే మెత్తని మేకప్ బ్రష్షుతో తోక నుంచి కాక ముక్కు నుంచి వెనక్కి దులపండి. లేకపోతే మొదట తెగేది ఆ తీగే.